కొండ నీళ్ళు, ముగ్గుపిండి మ్యాపు

వైజాగ్ అనగానే అందరూ సముద్రం గురించే అడుగుతారు. తుపానొస్తే అలలు మీ ఇంటిదాకా వచ్చేస్తాయా అని ఇక్కడ హైదరాబాద్‌లో మా ఆఫీసువాళ్ళు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. నిజానికి మేం పెరిగిన కాలనీలో సముద్రానికి భయపడినవాళ్ళు ఎవరూ లేరు, మా భయమంతా కొండకే. కైలాసగిరి వరసలో కొండ వాలు మీద ఓ గంట గట్టిగా కురిసిందంటే చాలు, ఆ నీళ్ళన్నీ ఎర్రగా చిక్కగా, రాళ్ళనీ తుప్పల్నీ ఈడ్చుకుంటూ మా సందుల్లోకి దిగిపోయేవి. పైన కొండ, మధ్యలో మేము, కింద బీచ్ రోడ్డు, దాని అవతల సముద్రం. అంత దగ్గర్లో అంత ఎత్తు నుంచి దిగే నీళ్ళ ఊపు ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ నీళ్ళు పోవడానికి ఉన్నదల్లా కాలనీ పక్కన పారే గెడ్డ, అంటే వాగు. కాగితాల్లో దానికేదైనా పేరుండేదేమో గానీ మాకు మాత్రం ఉత్తి గెడ్డే. వైజాగ్‌లో ఇలాంటివి బోలెడు. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ, ఆఖరికి ఊరికి తాగునీళ్ళిచ్చే మేఘాద్రిగెడ్డ. ఎండాకాలం మా గెడ్డలో మగపిల్లలు క్రికెట్ ఆడేవాళ్ళు, ఓ పక్క పందులు తిరిగేవి, ఎవరు ఇల్లు దులిపినా చెత్త తెచ్చి అందులోనే పడేసేవాళ్ళు. ఇంకో చిక్కు కూడా ఉండేది. గెడ్డ సముద్రంలో కలిసేచోట ఎండాకాలమంతా అలలు ఇసుక మేట వేసేసేవి, తొలి వానలకి వచ్చిన నీళ్ళు ఆ మేట దగ్గర ఆగి వెనక్కి తన్నేవి, అదే సమయానికి సముద్రం పోటు మీదుంటే ఇక చెప్పక్కర్లేదు. జాలరిపేట కుర్రాళ్ళు పారలు పట్టుకెళ్ళి ఆ ఇసుకకి గండి కొడితే గానీ మా వీధిలో నీళ్ళు తగ్గేవి కావు. వాళ్ళకి కాలనీ అసోసియేషన్ తరఫున టీ, టిఫిన్ డబ్బులు ఇచ్చేవాళ్ళం. పద్దుల పుస్తకంలో దానికి ‘గండి ఖర్చు’ అని వేరే ఖాతా ఉండేది.

నాకు బాగా గుర్తున్నది 1997, ప్రభుత్వం జన్మభూమి అని ఊరూరా సభలు పెట్టిన ఏడాది. అంతకు కొద్దికాలం ముందే మా రెండో వీధిలో ఒక సిమెంటు కాలువ కట్టారు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. వాన పడితే మాత్రం అందులో నీళ్ళు గెడ్డ వైపు పోకుండా మా ఇళ్ళవైపే వచ్చేవి. కట్టిన కాంట్రాక్టరుని అడిగితే చెత్త అడ్డంపడి ఉంటుందండీ అనేవాడు. పోర్టులో సర్వేయరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు మా వీధిలోనే ఉండేవారు, పిల్లలందరికీ ఆయన సర్వేయరు తాతగారు. ఓ ఆదివారం పొద్దున్నే ఆయన, ఎదురుగా ఇల్లు కడుతున్న మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు అడిగి తెచ్చారు. తెలియనివాళ్ళ కోసం చెప్తాను, అదేమంత పెద్ద యంత్రం కాదు, లోపల నీళ్ళు కనిపించే సన్నటి ప్లాస్టిక్ పైపు. నీళ్ళు నింపి రెండు కొసలూ ఇద్దరు పైకెత్తి పట్టుకుంటే ఎంత దూరంలో ఉన్నా రెండు వైపులా నీటిమట్టం ఒక్కటే ఉంటుంది, ఆ మట్టం నుంచి కిందికి కొలిస్తే ఎటు ఎత్తో ఎటు పల్లమో తెలిసిపోతుంది. ఒక కొస తాతగారు పట్టుకుంటే ఇంకో కొస నేను పట్టుకున్నాను. “లోపల బుడగ లేకుండా చూసుకోమ్మా, బుడగుంటే అబద్ధం చెప్తుంది” అని పది నిమిషాలకోసారి కేకేసేవారు. కాలువ పొడుగునా అలా నడుస్తూ ప్రతి కరెంటు స్తంభం దగ్గరా గోడ మీద సుద్దముక్కతో గీతలు పెట్టుకుంటూ వెళ్ళారు. మధ్యాహ్నానికి సంగతి తేలిపోయింది. గెడ్డ దగ్గర కాలువ అడుగు, మా గుమ్మం ముందు కాలువ అడుగు కంటే జానెడు పైన ఉంది. మా నాన్న పగలబడి నవ్వారు. తాతగారికి మాత్రం నవ్వు రాలేదు. సర్వీసంతా కొలతలతోనే గడిపినవాణ్ణి, నా గుమ్మం ముందు కాలువ కడుతూ నన్నొక మాట అడగలేదే అని ఆయన బాధ.

జన్మభూమి సభ రామాలయం మంటపంలో పెట్టారు. పనికయ్యే ఖర్చులో కొంత వాటా జనం వేసుకోవాలి, డబ్బు రూపంలోనో శ్రమదానంగానో, మిగతాది ప్రభుత్వం ఇస్తుంది, అదీ పద్ధతి. మామూలుగా ఆ సభలకి వచ్చేవన్నీ అర్జీలే, వీధి దీపం లేదనీ కుళాయి రాదనీ రేషన్ కార్డు కావాలనీ. మా సభకి వచ్చిన ఇంజనీరుగారు కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టున్నాడు. నీళ్ళ గోల ఎత్తగానే మ్యాపు ఏదైనా ఉందా అన్నాడు. మా దగ్గరున్నది లేఅవుట్ ప్లాను ఒక్కటే, అందులో వీధులూ ప్లాటు నంబర్లూ చక్కగా ఉన్నాయి గానీ నీళ్ళెటు నుంచి వచ్చి ఎటు పోతాయో వెతికినా లేదు. అప్పట్లో ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివే పిల్లలు ఫీల్డ్ వర్క్‌కని మా వైపు వస్తుండేవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి లేచి, ముగ్గేసి నేల మీదే గీసేద్దాం అంది. పల్లెల్లో అలాగే చేయిస్తారట, బడెక్కడ, బావెక్కడ, ఎవరి పొలం ఎటు అని ఊరివాళ్ళ చేతే గీయిస్తారట.

మా మేడ మీది అత్తయ్యగారు ఇంట్లోంచి ముగ్గు డబ్బా తెప్పించారు. అప్పటిదాకా ముందు వరసలో కూర్చున్న మగవాళ్ళంతా పక్కకి జరగాల్సొచ్చింది, ముగ్గు పట్టుకోవడం వాళ్ళకెక్కడ వచ్చు? అలా ఎవరూ అనుకోకుండానే ఆ మ్యాపు ఆడవాళ్ళ చేతిలో పడింది. వీధులకి తెల్ల ముగ్గు. నీళ్ళొచ్చే దారికి నీలిమందు కలిపిన ముగ్గు. నిలిచిపోయే చోట పసుపు చల్లారు. చెట్టున్న చోట ఒక వేపాకు పెట్టారు, ఆకులు ఎంత తక్కువ పట్టాయో అప్పుడు గానీ ఎవరూ గమనించలేదు. ఏ ఇంట్లోకి ఎంత లోతు వస్తుందో, ఎవరు గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం పెడతారో, ఎవరింట్లో అర్ధరాత్రి లేచి బియ్యం డబ్బా మంచం మీదికి ఎక్కిస్తారో వాళ్ళకి తెలిసినట్టు ప్రెసిడెంటుగారికి ఏం తెలుస్తుంది, ఆయన ఇల్లు పై వీధిలో ఎత్తు మీద ఉండేది.

ఇస్త్రీ బండి బాబాయి మంటపం మెట్ల దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నాడు. ఆయనది గెడ్డ గట్టు మీద పాక. అసోసియేషన్ మెంబరు కాదు కాబట్టి ఆయన్ని పైకి రమ్మని పిలవాలని ఎవరికీ తోచలేదు. చూసి చూసి ఇక ఉండబట్టలేక, “అలాగెల్లదమ్మా నీరు. నాలుగో ఈది కాణ్ణించి అడ్డంగా ఒచ్చేత్తాది. మీ ఇల్లు కట్టకముందు అక్కడో పిల్లగెడ్డ ఉండీది” అన్నాడు. మంటపంలో ఒక్కసారిగా గొడవ మొదలైంది. ఎందుకంటే ఆయన చూపించిన దారిలో అప్పటికే రెండు డాబాలు లేచి ఉన్నాయి. మా స్థలం గెడ్డ పోరంబోకు అంటావా అని వాళ్ళు ఆయన మీదికి వెళ్ళారు. సర్వేయరు తాతగారు అడ్డుపడి, “ఇల్లు కూలగొట్టమని ఎవరన్నారయ్యా, నీళ్ళెటొస్తున్నాయో తెలుసుకుంటే మనకే మంచిది కదా” అని సర్దిచెప్పారు. ఇంజనీరుగారు “మీరు పైకి రండి, ఎక్కడో చూపించండి” అని బాబాయిని పిలిచాడు. మంటపంలోకి వస్తూ ఆయన చెప్పులు విడిచిన తీరు, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి ఒత్తిగిల్లి నడిచిన తీరు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. వేలితో ఒక వంకర గీత గీశాడు, నాలుగో వీధి మలుపు నుంచి సరాసరి మా ఇంటి వెనక గోడ దాకా. మా అమ్మ అప్పుడే అంది, అందుకా మన పెరట్లో ఎప్పుడూ ఊట ఊరుతూ ఉంటుంది అని.

ఆ తర్వాత పడిన పెద్ద వానకి ఇంజనీరుగారు గొడుగేసుకుని స్వయంగా వచ్చి, బాబాయిని వెంటబెట్టుకుని సందు సందూ నడిచి చూసుకుని వెళ్ళాడు. వానలో వచ్చి చూసిన ఆఫీసర్ని నేను అదే మొదలు చూడటం. ఎండాకాలంలో వచ్చి కొలతలు తీసుకునేవాళ్ళని చాలామందినే చూశాను.

నాలుగో వీధి మలుపు నుంచి గెడ్డ దాకా రోడ్డు కింద సిమెంటు పైపులు వేయాలని తేలింది, రెండో వీధి కాలువ అడుగు పగలగొట్టి వాలు సరిచేయాలనీ తేలింది. ఇంటికింత అని వసూలు మొదలయ్యేసరికి అసలు రగడ బయటపడింది. పై వీధులవాళ్ళు మా దగ్గర నీళ్ళు నిలవవు, మేమెందుకివ్వాలి అన్నారు. మీ దగ్గర నిలవకపోవడం అంటే మా నెత్తిన పడటమే కదా అని కింద వీధులవాళ్ళు. ఇది ఎంత దూరం వెళ్ళిందంటే ఆ సంక్రాంతికి బొమ్మల పేరంటానికి పైవాళ్ళు కిందికి దిగలేదు, కిందవాళ్ళు పైకి ఎక్కలేదు. సర్వేయరు తాతగారే చివరికి ఒక రాజీ చెప్పారు. డబ్బివ్వడం ఇష్టం లేనివాళ్ళు ఇవ్వక్కర్లేదు, వాళ్ళ మేడ మీది నీళ్ళు రోడ్డు మీద పడెయ్యకుండా పెరట్లో గొయ్యి తవ్వి అందులోకి వదిలితే అదే వాళ్ళ వాటా. 2000లో ప్రభుత్వం వాళ్ళ నీరు-మీరు కార్యక్రమం వచ్చి గోడల నిండా ఇంకుడు గుంతలని రాతలు రాశారు గానీ, మా పై వీధిలో అప్పటికే కొన్ని గుంతలున్నాయి, నీళ్ళ మీద ప్రేమతో కాదు, చందా తప్పించుకోవడానికి.

గుంతలో అడుగున పెద్ద రాళ్ళు, ఆ పైన కంకర, దాని మీద దొడ్డు ఇసుక. బీచ్ వైపు ఇళ్ళలో ఇది భలే పనిచేసింది, అక్కడ నేలే ఇసుక కదా, ఎంత నీళ్ళు వదిలినా లాగేసేది. కొండ వైపు అలా కాదు. మా కొండల రాయి ఖోండలైట్, ఎండకీ వానకీ మెత్తబడి రాలిపోయి ఎర్రమట్టి అవుతుంది, ఆ సన్నటి మట్టి నీళ్ళతోపాటు వచ్చి ఇసుక సందుల్లో కూరుకుపోతుంది. పై ఇసుక ఏడాదికోసారి తీసి మార్చాలి. మొదటి ఏడు అందరూ మార్చారు, రెండో ఏడు కొందరు, ఆ తర్వాత అడిగితే విసుక్కోవడం. నీళ్ళు రోజుల తరబడి నిలిచి దోమలు, వైజాగ్‌లో మలేరియా అంటే ఆషామాషీ కాదు, ఇది ఇంకుడు గుంత కాదు దోమల గుంత అని ఆడవాళ్ళు సగం గుంతలు పూడిపించేశారు కూడా. మిగిలినవాటికి ముందు చిన్న తొట్టి కట్టి మట్టంతా అందులోనే దిగేలా చేశాక కాస్త దారికొచ్చాయి. తొట్టయితే పనమ్మాయి కూడా కడిగేయగలదు. లాభం ఏమిటని అడిగితే మా అమ్మ లెక్క ఒకటుంది. మా బావి నీళ్ళు వేసవిలో ఉప్పుతేలి కందిపప్పు ఎంతకీ ఉడికేది కాదు, రెండు మూడు వానాకాలాలు గడిచాక అదే నీళ్ళతో పప్పు ఉడకడం మొదలెట్టింది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో అది చిన్న విషయమేం కాదు.

చెట్లు దీని వెంటే వచ్చాయి. రోడ్డు వేస్తూ అంచు రాళ్ళు పేరుస్తుంటే తాతగారు ప్రతి చెట్టు గోతి దగ్గరా ఒక రాయి వేయకుండా వదిలెయ్యమన్నారు. పన్నూడిన నోరులాగుంటాదండీ అని మేస్త్రీ గునిసాడు. గొయ్యి రోడ్డు కంటే అరడుగు పల్లంగా తవ్వించారు, రోడ్డు మీద పారే నీళ్ళు ఆ సందులోంచి గోతిలోకి దిగి, అక్కడ నిండితే తర్వాతి గోతికి వెళ్ళేవి. తర్వాతెప్పుడో సియాటిల్‌లో ఉన్న మా పెదనాన్న కూతురు వాళ్ళ ఊళ్ళో ఒక వీధి ఫోటోలు పంపింది. 2001లో ఆ వీధిని కావాలని వంకర్లు తిప్పి, రెండు పక్కలా మొక్కల గుంతలు తవ్వి కట్టారట, వీధిలోంచి బయటికి పోయే వాన నీళ్ళు దాదాపు 99 శాతం తగ్గాయట. వాళ్ళు చేసినట్టు మేమేం కొలవలేదు. మా వీధిలో నీళ్ళు త్వరగా తగ్గడం మాత్రం తెలిసేది.

ఏ మొక్కలు వెయ్యాలన్నదాని మీద పెద్ద చర్చే నడిచింది. పూలు బాగుంటాయని పిల్లలం తురాయి కావాలన్నాం. బాబాయి భార్య, ఆవిడది భీమిలి వైపు, ఉప్పుగాలికి పొన్నా గానుగా అయితేనే ఆగుతాయి అంది. రెండు రకాలూ వేశారు. ఒక్కో మొక్క ఒక్కో ఇంటికి అప్పజెప్పారు, మేకలు తినకుండా ముళ్ళకంప కట్టడం, బియ్యం కడిగిన నీళ్ళు పొయ్యడం ఆ ఇంటివాళ్ళ పని. మీ చెట్టు వాడిపోతోంది చూసుకోండమ్మా అని ఎదురింటివాళ్ళు అంటే అదో తగువు. గెడ్డ గట్టు పొడుగునా వట్టివేరు, పల్లంలో మెట్టతామర నాటింది కూడా గట్టు మీది పాకలవాళ్ళే. వాళ్ళ గుడిసెల కింద మట్టి జారకుండా ఉండాలంటే అది కావాలి, అందుకే ఎవరూ చెప్పకుండా చూసుకున్నారు.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. నాన్నకి ఒంట్లో బాగోలేక నేనప్పుడు అక్కడే ఉన్నాను. పొద్దుట్నుంచీ ఒక వైపు నుంచి కొట్టిన గాలి మధ్యాహ్నం కాసేపు ఆగిపోయింది, అయిపోయిందనుకుని జనం బయటికొచ్చారు, అంతలో రెండో వైపు నుంచి అంతకు మించి మొదలైంది. మర్నాడు చూస్తే కైలాసగిరి మీద ఆకన్నది లేదు, నిప్పంటుకుని ఆరిపోయినట్టు కొండంతా గోధుమరంగు. మా వీధిలో తురాయిలన్నీ వేళ్ళతో సహా లేచి ప్రహరీల మీద పడ్డాయి. వేప సగం. పొన్నలకి కొమ్మలు విరిగాయి గానీ మాను కదల్లేదు, గానుగలూ అంతే. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టు కోసం క్యూలు. అందరూ గుమ్మాల ముందు చెట్లు తీసుకునే పనిలో ఉంటే, బాబాయి కొడుకు రంపం పట్టుకుని నలుగురు కుర్రాళ్ళతో గెడ్డలోకి దిగాడు. కొమ్మలన్నీ కొట్టుకొచ్చి మూతి దగ్గర అడ్డం పడ్డాయి, మళ్ళీ వాన పడితే నీళ్ళు మనింట్లోకే అన్నాడు. నాన్న ఆ జ్వరంలోనే ఎక్కడి తాడో వెతికి ఇచ్చారు. ఆ దీపావళికి ఊరంతా ఎండుకొమ్మల గుట్టలే, టపాకాయలు కాల్చొద్దన్నారు.

తర్వాత ఊరు మళ్ళీ పచ్చబడాలని అందరికీ తొందర. తొందరగా పెరుగుతుంది, మేక ముట్టదు అని ఏడాకులపాల మొక్కలు ఎక్కడపడితే అక్కడ వేసేశారు. అవి పెద్దయ్యాక దసరా దాటితే చాలు రాత్రిళ్ళు ఆ పూల ఘాటుకి కిటికీ తీయలేం, ఆయాసం ఉన్నవాళ్ళ బాధ మరీను. మావాళ్ళు పొన్న మొక్కలు అడిగారు, దొరికింది మాత్రం అదే. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలో విశాఖ పేరు వచ్చినప్పుడు అందరిలాగే మేమూ సంతోషించాం, అప్పుడు జనం అభిప్రాయాలు ఆన్‌లైన్‌లో అడిగేవాళ్ళు. ఆన్‌లైన్ అంటే మా అత్తయ్యగారికి తెలీదు, గట్టు మీదివాళ్ళకీ తెలీదు. నన్నడిగితే ఆ ఆన్‌లైన్ అభిప్రాయాలన్నిటికంటే ఒక పూట ముగ్గేయిస్తే ఎక్కువ తెలిసేది.

ఈలోగా డాబాలు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. పిల్లగెడ్డ దారిలో ఉన్న రెండు ఇళ్ళనీ కలిపి ఒకటే కాంప్లెక్స్ కట్టారు, కింద సెల్లార్ పార్కింగు. చుట్టూ అంగుళం మట్టి కనపడకుండా టైల్స్ వేశారు. ప్లాను పాసవడానికి ఇంకుడు గుంత ఒకటి తవ్వారు, దాని మూత మీద ఇప్పుడు ఎవరిదో కారు నిలబడి ఉంటుంది. 2021 సెప్టెంబరులో గులాబ్ తుపానుకి ఆ సెల్లార్‌లో బైకులు తేలాయి. సెక్రటరీగా ఉన్న కుర్రాడు, బెంగళూరు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఎవరికైనా తెలుసా అని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అత్తయ్యగారు ఎనభై దాటిన మనిషి, మనవరాలి చేత ఫోన్ పట్టించుకుని ఒక వాయిస్ మెసేజ్ పెట్టారు. నాలుగో వీధి మలుపు అంటూ మొదలెట్టి ఎవరి పెళ్ళప్పుడు ఎంత నీళ్ళొచ్చాయో కూడా చెప్పేశారు. అది విని ఆ కుర్రాడు నిజంగానే వెళ్ళి బాబాయి కొడుకుని కలిశాడు. బాబాయి ఇప్పుడు లేడు, కొడుకు గెడ్డ పక్కనే టిఫిన్ బండి నడుపుతున్నాడు. ఇద్దరూ కలిసి తవ్వించి చూస్తే అప్పటి సిమెంటు పైపు దొరికింది, లోపల ఎర్రమట్టీ, కట్టడంలో మిగిలిపోయిన కాంక్రీటు ముద్దలూ కూరుకుని ఉన్నాయి. కడిగిస్తే సగం దాకా దారి తెరుచుకుంది. మిగతా సగం ఎటు తిరిగిందో తెలియడం లేదు, కొత్త పైపు వేద్దామంటే పాత గెడ్డ వంపు ఎక్కడో తేలాలి.

ఆ ముగ్గు మ్యాపుకి ఎవరూ ఫోటో తీయలేదు. సాయంత్రానికి పూజారిగారు కడిగించేశారు, హారతి టైముకి మంటపం శుభ్రంగా ఉండాలి కదా. కాకపోతే ఆ సోషల్ వర్క్ అమ్మాయి తన రిపోర్టు కోసమని పెద్ద డ్రాయింగ్ షీటు మీద మొత్తం ఎక్కించుకుంది, నీలం గీతలతో సహా, పక్కన కూర్చుని పెన్సిళ్ళు అందించింది నేనే. 97, 98 ప్రాంతాల్లో ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్ వర్క్ చదివి, కైలాసగిరి కింద కాలనీల్లో ఫీల్డ్ వర్క్ చేసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ పాత కాగితాల్లో అలాంటి షీటు ఉందేమో ఒక్కసారి చూడండి. ఫోన్లో ఫోటో తీసి పంపినా చాలు. జూన్‌లోపు తవ్వకం మొదలుపెట్టాలని మావాళ్ళు చూస్తున్నారు.